పెట్టెలోని అమెరికా

బీరంగూడనుండి సుల్తాన్‌పూరునకు పోవు త్రోవలోనున్న కిష్టారెడ్డిపేట కొంతకాలము క్రిందటివరకు పొలముల నడుమ నొక పల్లె. నేడది పటాన్‌చెరు పారిశ్రామికవాడకును హైదరాబాదు నగరమునకును నడుమ చిక్కుకొన్న మేడల వరుస. ఈ మేడలలో వేసవి సెలవులయందును, డిసెంబరు నెల చివరను ఒక వేడుక జరుగును. అమెరికాలో నుద్యోగములు చేయు బిడ్డలు వచ్చి దిగుదురు. తలకు రెండేసి పెట్టెలు, పెట్టెకు 23 కిలోల బరువు. పెట్టెలు విప్పిన సాయంకాలము ఇరుగుపొరుగువారు కూడుదురు. చాక్లెట్లు పంచిన పిమ్మట మిగిలిన వస్తువులు హాలులోని అద్దాల బీరువాకు చేరును. అట్టి బీరువా నొకదానిని మేమిటీవల శ్రద్ధగా చూచితిమి. పూవుల అంచుగల తెల్లని పళ్లెములు, వ్రేలితో రాచినంతనే మూతపడు పారదర్శకపు సంచులు, కొలతగిన్నెల వరుస, విటమిను మాత్రల పెద్ద డబ్బాలు, వీని నడుమ నారింజవన్నెగల చిన్న ప్లాస్టిక్ మందుసీసా యొకటి. ఆ సీసా ఖాళీది. దాని తెల్లని మూతను క్రిందికి గట్టిగా నొక్కి త్రిప్పినగాని యూడిరాదు.

గృహస్థు దానిని చేతబట్టుకొని, "చూడండి సార్, పసిపిల్లలు తీయకుండా మూత చేసినారు. అదీ వాళ్ల బుద్ధి!" అనెను. ప్రక్కనున్న ఆయన మిత్రుడు, కీళ్లనొప్పుల మనిషి, దానితో కొంతసేపు పెనగులాడి, "నాకూ వస్తలేదు. ఆ దేశంల ముసలోళ్లు ఉండరు కావచ్చు" అనెను. అందఱును నవ్విరి. మేమును నవ్వితిమి. ఇంటికి వచ్చిన తరువాత మాత్రము ఆ రెండు మాటలును మమ్ము విడువలేదు. వస్తువొక్కటియే. దానిని చూచి యొకరు బిడ్డలను కంటికి రెప్పవలె కాచు దేశమును కనుగొనిరి. మఱియొకరు ముసలివారిని మఱచిన దేశమును కనుగొనిరి. నిజమేమనగా, ఇంటిలోని మందులు మ్రింగి పసివారు మరణించుచుండుటచేత 1970లో అమెరికా శాసనసభ యొక చట్టము చేసెను. మూత ఆ చట్టమునుండి పుట్టినది. అయితే ఆ చట్టమే, రోగి కోరినచో సులభముగా నూడు మూత యీయవచ్చునని కూడ చెప్పుచున్నది. అనగా ఆ మిత్రుని ఫిర్యాదునకు సమాధానము ఆ దేశముననే కలదు గాని సీసా మీద లేదు. సీసాను ఎంత త్రిప్పి చూచినను అది కనబడదు.

నిత్యోపయోగ వస్తువులను పరిశీలించి అమెరికా సంఘమును తెలిసికొనుట యను విద్య యొకటి ఆ దేశపు విశ్వవిద్యాలయములలో బాగుగా నెదిగినది. మన బీరువాల ముందు జరుగునది దానికే ముతక రూపము. కావున ఆ విద్య యొక్క గుణదోషములను విమర్శించుట తెలుగు గృహములకు వ్యర్థము కాదని తలచుచున్నాము. బిడ్డ నెచటికి పంపుచున్నామో, అల్లు నెచటినుండి తెచ్చుకొనుచున్నామో, ఆ దేశమును గూర్చిన మన నిర్ణయములలో సగము ఈ బీరువా సాక్ష్యము మీదనే జరుగుచున్నవి.

ఈ విద్యలో మొదట చెప్పదగిన గ్రంథము జేమ్స్ డీట్జ్ 1977లో ప్రకటించినది. మఱచిపోయిన చిన్న వస్తువులు అని దాని పేరు తెచ్చుకొనవచ్చును. పూర్వకాలమున మృతుని యాస్తి పట్టీ వ్రాయువారు పెద్ద వస్తువులన్నియు వేసి, కడపట మఱచిన చిల్లరమల్లరకు ఇంత అని వెల కట్టెడివారట. ఆ మాటనుండియే పేరు గ్రహింపబడినది. పేరులోనే గ్రంథకర్త పక్షము తేటపడుచున్నది. రాజులును సేనానులును వ్రాయించుకొన్న చరిత్ర యటుండగా, పట్టీ వ్రాయువారు సయితము లెక్కింపని పెంకులు, ఎముకలు, మేకులు, గోరీరాళ్లు ఏమి చెప్పునో వినవలెనని యాయన పట్టుదల. న్యూ ఇంగ్లండు గోరీరాళ్ల మీద మొదట రెక్కలుగల పుఱ్ఱెను చెక్కెడివారు. తరువాత రెక్కలుగల శిశుముఖము. ఆ తరువాత కలశమును, దానిపై వ్రాలిన చెట్టుకొమ్మయు. మరణమును గూర్చిన భావము తరతరమునకు మాఱిన తీరును రాతి పనివాని యులి యిట్లు చూపుచున్నది. ఏ మతాచార్యుని యుపన్యాసమునందును ఇంత స్పష్టముగా దొరకదు.

ఆ గ్రంథములో మాకు మిక్కిలి ప్రియమైన భాగము మఱియొకటి కలదు. మసాచుసెట్సు రాష్ట్రమున ప్లిమత్ పట్టణము దాపున, స్వాతంత్ర్యయుద్ధములో పోరాడిన నలుగురు నల్లవారు కుటుంబములతో నివసించిన చిన్న వాడ యొకటి యుండెను. వారిని గూర్చి వ్రాతమూలకమైన సాక్ష్యము కొద్దిపాటి. డీట్జ్ ఆ స్థలమును త్రవ్వించి, ఇంటి పునాదుల కొలతలు తీసి, వంటశాల యెముకలు పరిశీలించి, వారు చుట్టునున్న తెల్లవారికంటె వేఱు విధముగా ఇండ్లు కట్టుకొనిరనియు, వేఱు విధముగా మాంసము కోసికొనిరనియు చూపెను. అచట దొరకిన పెద్ద మట్టిజాడీలు వెస్టిండీసులో చేయబడినవి. వానిలో చింతపండు నింపి ఓడలలో పంపెడివారట. చలిదేశమున, మంచు పడు నేలలో, చింతపండు జాడీ! ఏ తెలుగు గృహిణి కది పరాయి వస్తువు కాగలదు? చదువురానివారి జీవితమును, చదివినవారు పట్టించుకొనని వారి జీవితమును చరిత్రలోనికి తెచ్చు శక్తి ఈ విద్యకు కలదనుటకు ఆ జాడీ యొక్కటి చాలును.

ఇంతవరకు ప్రశంస. ఇక మా యాక్షేపణ చెప్పవలసియున్నది. పదునేడవ శతాబ్దమున అమెరికాలోని వలసవారు ఒక కొయ్యపళ్లెములో నిద్దఱు కలిసి తినుచుండిరనియు, పదునెనిమిదవ శతాబ్దము గడచుకొలది మనిషి కొక పళ్లెము, మనిషి కొక కుర్చీ, మనిషి కొక పడకగది ఏర్పడెననియు డీట్జ్ చూపి, దానినుండి వ్యక్తిప్రాధాన్యము గల క్రొత్త మనస్తత్వము పుట్టెనని తేల్చెను. సాక్ష్యము సరియైనదే. ఆ దేశమునకు నిర్ణయమును సరియైనదే కావచ్చును. కాని దీనిని వస్తువు స్వభావమునుండి పుట్టిన నియమముగా గ్రహించినయెడల మన విస్తరి యేమి కావలెను? మన పంక్తిలో మనిషి కొక విస్తరి యనాదిగా కలదు. భార్యాభర్తలు సయితము సాధారణముగా పంక్తిలో ఒక విస్తరిలో తినరు. పంక్తిలో తిన్న విస్తరి సాధారణముగా మరల నెవరికి నుపయోగింపదు. పళ్లెముల లెక్క చూచిన తెలుగువారికంటె వ్యక్తివాదులు లోకమున లేరని చెప్పవలసివచ్చును. వాస్తవమున ఆ విస్తరి వెనుకనున్నది వ్యక్తి స్వాతంత్ర్యము కాదు. ఎంగిలి యను భావము. ఎవరి పంక్తిలో ఎవరు కూర్చుండవలెను, ఎవరికి ముందు వడ్డింపవలెను, ఎవరు వాకిట కూర్చుండవలెను అను నిర్ణయము. ఒకే రూపముగల వస్తువు ఒక దేశమున విడుదలకును, మఱియొక దేశమున కట్టుబాటునకును గుర్తు కాగలదు. వస్తువును దాని వాడుకనుండి విడదీసి అద్దాల బీరువాలో పెట్టినప్పుడు మొదట పోవునది ఈ భేదమే.

రూత్ ష్వార్జ్ కౌవన్ అను నామె 1983లో వ్రాసిన గ్రంథము ఈ దోషమునకు చాలవఱకు దూరము. తల్లికి మఱింత పని అని దాని పేరు. ఆమె పొయ్యిని, బట్టలయంత్రమును, శీతలయంత్రమును ప్రదర్శనశాలలోని వస్తువులుగా గాక, పని జరుగుచోట నిలుపుకొని చూచెను. ఆమె తేల్చిన విషయము మన యిండ్ల గోడల మీద వ్రాసియుంచదగినది. పిండిమరలు, ఇనుపపొయ్యి, కుళాయినీరు రాగానే పూర్వము పురుషులును పిల్లలును చేయుచుండిన పని, అనగా కట్టెలు కొట్టుట, ధాన్యము విసరుట, నీరు మోయుట, తగ్గిపోయెను. స్త్రీ చేయు పని యట్లే నిలిచెను. పైగా బట్టలయంత్రము వచ్చిన పిదప వారమున కొకమాఱు మార్చు చొక్కాను దినమున కొకమాఱు మార్చవలసినదయ్యెను. శ్రమ తగ్గించు యంత్రము శుభ్రతకు కొలత పెంచెను. కొలత పెరిగినకొలది తల్లి దినము నిండిపోయెను.

ఈ గ్రంథమును మేము కిష్టారెడ్డిపేటలో కూర్చుండి చదివితిమి. మా వీధిచివర, ప్రహరీ వెలుపల, రెండు రుబ్బురోళ్లును ఒక తిరుగలి పై రాయియు పడియున్నవి. మేడలోనికి మాఱిన కుటుంబమేదో వానిని మోయలేక వదలినది. లోపల మిక్సీ, గ్రైండరు తిరుగుచున్నవి. రోలుండిన కాలమున వారమునకు రెండుమాఱులు దోసెలు. గ్రైండరు వచ్చిన తరువాత ప్రతి యుదయమును మూడు పచ్చళ్లు. ఇంటి పురుషుడు వార్తాపత్రిక చదువుచు, యంత్రము వచ్చెను గదా, ఇంకను ఆలస్యమేమి అని యడుగును. కౌవన్ తన దేశమును గూర్చి వ్రాసినది. మన వంటింటికి సరిపోయినది. అయినను ఒకచోట ఆమె లెక్క మనకు తప్పును. అమెరికా మధ్యతరగతి యిండ్లలో యంత్రములు వచ్చిన కాలముననే పనిమనుషులు తగ్గిపోయిరి. యజమానురాలే యంత్రము నడుపుకొనవలసినదయ్యెను. మా వీధిలో యంత్రమును వచ్చినది, పనిమనిషియు నిలిచినది. బట్టలయంత్రమునుండి బట్టలు తీసి డాబా మీద ఆరవేయునది ఆమెయే. యంత్రము కొన్నందువలన ఆమె జీతము తగ్గించినవారిని కూడ మేమెఱుగుదుము. వస్తువు అమెరికాది, సంఘము మనది. ఈ కలయికను చెప్పు గ్రంథము ఇంకను తెలుగులో వ్రాయబడవలసియున్నది.

అమెరికా వస్తువులు మన దేశమునకు వచ్చుట నిన్నమొన్నటి మాట కాదు. 1833లో బోస్టను వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్, చెఱువులలో గడ్డకట్టిన మంచును దిమ్మలుగా కోయించి, రంపపుపొట్టులో చుట్టి, ఓడ నింపి కలకత్తాకు పంపెను. నాలుగు నెలల ప్రయాణములో కొంత కరగెను, మిగిలినది అమ్ముడుపోయెను. మద్రాసులో 1842లో సముద్రపుటొడ్డున దానికొక మంచుగిడ్డంగి కట్టబడెను. ఆ కట్టడమునందే 1897లో వివేకానందస్వామి బస చేసెను. నేడు వివేకానంద భవనమను పేరున నిలిచియున్నది. వాల్డెన్ చెఱువునొడ్డున నివసించిన థోరో, మద్రాసు ప్రజలు తన బావినీరు త్రాగుదురని 1854 నాటి తన గ్రంథమున వేడుకపడెను. ఆయన వేడుక యటుండనిండు. మద్రాసులో నా మంచుగడ్డను కొని త్రాగినవారెవరు? దొరలు, ధనికులు. గిడ్డంగిలో దిమ్మలు మోసిన కూలికి ఆ చల్లదనము భుజమునకు మాత్రమే తెలిసియుండును.

ఇంకొక వస్తువు మా తరమువారికి రుచితో సహా జ్ఞాపకమున్నది. 1960ల దశకమున బడిపిల్లలకు పెట్టిన పచ్చని మొక్కజొన్నరవ్వ యుప్మా, డబ్బాలలోని పాలపొడి. ఆ సంచుల మీద కరచాలనము చేయుచున్న రెండు చేతుల బొమ్మ యుండెడిది. అమెరికా రైతు వద్ద మిగిలిపోయిన ధాన్యమునకు త్రోవ చూపుటకై 1954లో ఆ దేశము చేసిన చట్టము మనకు బడిగంట తరువాతి యుప్మాగా తెలిసినది. ఖాళీ సంచులు ఇండ్లలో తలుపుతెరలుగను, పిల్లల పడకలుగను మారినవి. ఆ బొమ్మను చూచి అమెరికా మనకు మిత్రదేశమని కొందఱు, మనలను బిచ్చగాండ్రను చేసినదని కొందఱు వాదించెడివారు. ఆకలిగొన్న పిల్లలు తినిరి. ఈ మూడింటిలో ఏ యొక్కటి విడిచినను ఆ సంచి చరిత్ర పూర్తి కాదు.

మరల మందుసీసా యొద్దకు వత్తము. మన దేశమున మాత్రలు రేకుపట్టీలలో వచ్చును. పట్టీ మీద రోగి పేరుండదు. అమ్మమ్మకు వ్రాసిన మాత్ర మనుమనికి, పక్కింటివారికి కూడ చెల్లును. అమెరికా సీసాలో మందులవాడు మాత్రలను లెక్కబెట్టి పోసి, రోగి పేరు, వైద్యుని పేరు, ఎన్నిమాఱులు మరల నింపవచ్చునో ఆ సంఖ్య, అన్నియు కాగితముపై ముద్రించి యంటించును. ఆ యొక్క కాగితమునుండి వైద్యుని యధికారము, భీమా వ్యవహారము, న్యాయస్థానపు భయము, మనిషి కొక పేరు చొప్పున నడచు ఆ సంఘపు పద్ధతి చాలవఱకు చదువవచ్చును. డీట్జ్ శిష్యులకు ఇంతకంటె మంచి వస్తువు దొరకదు.

అయితే ఆ కాగితము మీద లేనిదొకటి కలదు. సీసాలోని మాత్రకు మూలద్రవ్యము ఎచట వండిరో అందుండదు. ఆ బీరువా గల హాలునుండి పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారము కార్ఖానాలు ఎంతో దూరము లేవు. అమెరికాకు పోవు ఔషధములకు మూలద్రవ్యములు వండు కార్ఖానాలు ఈ ప్రాంతమున పెక్కులు గలవు. ఆ దేశపు ఔషధాధికారులు వచ్చి వీని గదులను, పుస్తకములను పరీక్షించి పోవుదురు. మాత్ర అమెరికా చేరెను. దానిని చేయగా మిగిలిన నీరు ఎచటికి పోయెను? నక్కవాగు నడిగిన చెప్పును. 1970ల నుండి పరిశ్రమలు పెరిగినకొలది ఆ వాగును, దాని పరిసరపు చెఱువులును చెడినవి. బావులు త్రాగ పనికిరానివైనవి. 1990లో ఆ గ్రామముల మొర సుప్రీంకోర్టు మెట్లెక్కెను. వాగునీటితో వరి తడిపిన రైతునకు ఆ నారింజవన్నె సీసా యొక్క రెండవ ముఖము తెలియును. అతడు దానిని ఎన్నడును చూచియుండడు.

అమెరికా వస్తువులను చదువు పండితులలో పలువురు ఇంటి గుమ్మమువద్ద నాగిపోవుదురనునదే మా ముఖ్యమైన యాక్షేపణ. భోజనశాలలోని పళ్లెమునుండి భోక్త మనస్సునకు పోవుదురు. పళ్లెము చేసిన కొలిమికి పోరు. అందఱును అట్లు కాదు. సిడ్నీ మింట్జ్ 1985లో చక్కెరను గూర్చి వ్రాసిన గ్రంథమున ఇంగ్లండు కూలివాని టీకప్పునుండి బయలుదేరి కరీబియను దీవుల చెఱకుతోటలలోని బానిస వెన్ను వఱకు నడచెను. మందుసీసాకును అట్టి చరిత్రకారుడు కావలెను. అతడు బోస్టనులో పుట్టనక్కఱలేదు. కిష్టారెడ్డిపేటలో పుట్టినచో సగము దారి కలిసివచ్చును.

పెట్టెకు మఱియొక లోపము కూడ కలదు. అందులో వచ్చునది ఎంచి తెచ్చినది. ఇంటి యప్పు కాగితములు పెట్టెలో రావు. ఒక రాత్రి ఆసుపత్రిలో నుంచినందుకు వచ్చిన బిల్లు రాదు. ఉద్యోగము పోయిన రెండు నెలలలో వీసా యేమగునో యని నిదురపట్టని రాత్రులు రావు. బిడ్డ తాను తల్లిదండ్రులకు చూపదలచిన అమెరికాను 23 కిలోలకు తూచి తెచ్చును. అది ప్రేమయే, అబద్ధము కాదు. కాని తల్లిదండ్రులు ఆ తూచిన దానినే దేశమని నమ్మి, దానిని బట్టి రెండవ కుమారునకు కట్నము నిర్ణయించుచున్నారు. ఇచటనుండి పోవు పెట్టెల మాటయు నంతే. ఆవకాయ, కందిపొడి, ఇంగువ, ప్రెషర్ కుక్కరు, బాలింతకు పెట్టు మందుల పొట్లములు. ఆ పెట్టెను విప్పి చూచిన అమెరికా సుంకపు టధికారి, తెలుగుదేశమనగా తల్లులు కారములు దంచుచు నుండు దేశమని తలచినచో నెవరి తప్పు? అరిజోనా విశ్వవిద్యాలయమువారు 1973 మొదలు టూసాన్ నగరపు ఇండ్ల చెత్తను విప్పి లెక్కించిరి. జనులు తాము త్రాగితిమని చెప్పిన మద్యమునకును చెత్తలో కనబడిన సీసాలకును పొంతన లేకపోయెను. బీరువా మనము చూపదలచినది చెప్పును. చెత్తబుట్ట చూపదలపనిది చెప్పును. మా వీధికి చెత్తబండి ప్రతిదినమును వచ్చును. దానిని నడుపు మనిషి కిష్టారెడ్డిపేటను మాకంటె బాగుగా నెఱుగును.

మనకు ఇట్టి దృష్టి బొత్తుగా లేదని యనుట న్యాయము కాదు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రము రాజులను ప్రక్కకు నెట్టి తిండిని, బట్టను, నగను, ఆటను, జూదమును, పూటకూళ్లయింటిని చరిత్ర చేసెను. 1955లో సాహిత్య అకాడమీ తెలుగునకిచ్చిన మొదటి బహుమానము దానికే వచ్చెను. క్రీడాభిరామమునందును, శుకసప్తతియందును, హంసవింశతియందును కవులు ప్రసంగవశమున చెప్పిన చిల్లర వస్తువులను ఏరి, ఒక్కొక్క మాటకు అర్థము వెదకి, తెలియనిచోట గ్రామములలో నడిగి తెలిసికొని, ఆయన చేసిన కృషికి డీట్జ్ కృషి యేమియు తీసిపెట్టు కాదు. పద్ధతి మాత్రము తలక్రిందులు. అమెరికా పండితునకు వస్తువు దొరకును, మాట దొరకదు. మన పండితునకు మాట దొరకెను, వస్తువు దొరకలేదు. కావ్యములలోని పనిముట్ల పేర్లలో కొన్నింటికి ఆకారమెట్టిదో చెప్పువారు నేడు లేరు. మాట నిచ్చిన కవి కూడ పంక్తిలో ముందు వరుసను కూర్చుండినవాడే. వాకిట కూర్చుండినవాని పాత్ర యాతని పద్యమున నెంతవఱకు దూరెనో మనకు తెలియదు.

వస్తువులు దాచుకొన్న చోట్లు మన యొద్దను లేకపోలేదు. సంగారెడ్డికి సమీపమున కొండాపురమున 1940ల యారంభమున నిజాం ప్రభుత్వపు పురావస్తుశాఖవారు త్రవ్వగా శాతవాహనకాలపు నాణెములు, పూసలు, గాజుముక్కలు, మట్టిబొమ్మలు, కుండపెంకులు బయటపడినవి. అచటి ప్రదర్శనశాలలో నవి నేటికిని చూడవచ్చును. మేము చూచితిమి. రెండువేల యేండ్ల నాటి గృహిణి మెడలోని పూసకు అద్దపుపెట్టె గలదు. మన ముత్తవ తిప్పిన తిరుగలికి లేదు; అది ప్రహరీ వెలుపల కలదు.

అమెరికా ప్రదర్శనశాలలో మమ్ము కలతపెట్టిన వస్తువు మఱియొకటి. వాషింగ్టనులోని జాతీయ చరిత్ర ప్రదర్శనశాలలో నొక ఫలహారపు బల్లలో కొంత భాగమును, దానిముందఱి ఎత్తుపీటలును నిలిపియుంచిరి. అవి ఉత్తర కరొలైనాలోని గ్రీన్స్‌బరో పట్టణమున నొక పెద్ద దుకాణములోనివి. ఆ దుకాణములో నల్లవారు సరకు కొనవచ్చును, ఆ బల్లవద్ద కూర్చుండి కాఫీ త్రాగరాదు. 1960 ఫిబ్రవరి 1వ తేదీన నలుగురు నల్లజాతి విద్యార్థులు వచ్చి కూర్చుండి కాఫీ యడిగిరి. ఇయ్యలేదు. వారు లేవలేదు. మఱునాడు మఱికొందఱు వచ్చిరి. ఆ జూలై నెలలో దుకాణమువారు లొంగిరి. 1964లో చట్టము వచ్చెను. ఆ పీటలు చూచుటకు అందమైనవి కావు. ఏ హోటలులోనైన నుండునట్టివే. తమ దేశమునకు సిగ్గు తెచ్చిన వస్తువును ఆ దేశపు పతాకము దాచిన మేడలోనే యుంచి, బడిపిల్లలను తీసికొనివచ్చి చూపుచున్నారు. ఈ విద్య చేసిన పనులన్నింటిలోను మేము దీనికి పెద్దపీట వేయుదుము. అట్లని వారి సంఘమున వర్ణద్వేషము నశించెనని మేమనుట లేదు. సాక్ష్యమును పారవేయలేదని మాత్రము చెప్పుచున్నాము.

మన టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి యుండెడిది. రాజ్యాంగము 1950లో అస్పృశ్యతను నిషేధించిన తరువాతను పెక్కు గ్రామములలో నడచినది. ఒకరికి గాజుగ్లాసు, ఒకరికి చూరులో గ్రుచ్చిన కొబ్బరిచిప్పయో, వేఱుగా బోర్లించిన సత్తుగ్లాసో. ఆ చిప్ప ఏ ప్రదర్శనశాలలో నున్నది? ఎవరు దానిని భద్రపఱచిరి? కావ్యములో లేదు, బీరువాలో లేదు, పెట్టెలో సముద్రము దాటి పోలేదు.

పై మాటలు వ్రాయుచు నిచటికి వచ్చునప్పటికి మాకు టీ కావలసి వంటింటిలోనికి పోతిమి. గట్టు మీద పూవుల అంచుగల అమెరికా కప్పులు నాలుగు కలవు. మా బంధువు లిచ్చినవి. కిటికీలో, ఊచల ప్రక్కన, అంచు సొట్టపడిన స్టీలుగ్లాసొకటి బోర్లించియుండెను. ఎన్ని సంవత్సరములనుండి అచటనే యున్నదో మేమెన్నడు గమనింపలేదు. అంట్లు తోముచున్న ఆమెను, అదెవరిదమ్మా అని యడిగితిమి. ఆమె తల యెత్తకయే, "నాదే సారూ, నా గిలాస. అమ్మ ఆడనే పెట్టుమన్నది, నేను వచ్చిన్నాటి సంది" అనెను. మేము గట్టు మీది కప్పులలో రెండింటిని తీసి టీ పోసి, ఒకటి ఆమె ముందుంచితిమి. ఆమె దానివైపు చూచి, కొంగుతో చేతులు తుడుచుకొని, "పగుల్తే ఎట్ల సారూ" అని, లేచి కిటికీలోని గ్లాసు తెచ్చుకొని, టీ అందులోనికి వంపుకొని త్రాగెను. కప్పును మాత్రము రెండుమాఱులు తోమి గట్టు మీద పెట్టెను.